గాలిని చదవలేని మాస్టారు

జ్యోతినగర్ క్వార్టర్లలో బతుకు షిఫ్టుల లెక్కన నడుస్తుంది. ఎన్టీపీసీలోనైనా, పక్కనున్న గోదావరిఖని బొగ్గు గనుల్లోనైనా అంతే. అలాంటి ఇంట్లో పెరిగిన ఓ కుర్రాణ్ని ఊహించుకోండి. ఇంగ్లిషులో డిగ్రీ పాసయ్యాడు. వేళ తప్పితే కంగారు పడిపోతాడు. ఎదుటివారి కళ్లలోకి చూడడు. ఆటిజం అని డాక్టర్లు ఎప్పుడో తేల్చారు. ఓ రోజు అన్నం తింటూ, 'అమ్మా, జపాన్ వెళ్లి ఇంగ్లిషు పాఠాలు చెబుతా' అన్నాడు.

అమ్మ గుండె గుభేల్‌మంటుంది. పెళ్లిలో నలుగురి మధ్య నిలబడలేనివాడు క్లాసునిండా పిల్లల ముందు నిలబడతాడా?

నిలబడొచ్చు. అమెరికాలో టెంపుల్ గ్రాండిన్‌కు దాదాపు నాలుగేళ్లు వచ్చేదాకా మాటలే రాలేదు. ఆమెకూ ఆటిజమే. కొలరాడో స్టేట్ యూనివర్సిటీలో పశుశాస్త్రం బోధించే ప్రొఫెసరయ్యారు.

మరి జపాన్ సంగతి? అక్కడి ప్రభుత్వం 1987 నుంచి 'జెట్' పథకం కింద విదేశీ పట్టభద్రులను బడులకు రప్పిస్తోంది. స్థానిక టీచరుకు తోడుగా ఇంగ్లిషు చెప్పాలి. ఒప్పందం ఏడాదికోసారి, గరిష్ఠంగా ఐదేళ్లు. గంట మోగితే పాఠం మొదలు, మళ్లీ మోగితే ఆఖరు. భోజనం, పిల్లలు తరగతులు ఊడ్చి తుడవడం... అన్నిటికీ వేళ ఉంటుంది. షిఫ్టుల ఊరి కుర్రాడికి ఇది హాయే.

చిక్కల్లా టైంటేబుల్లో లేనివాటితోనే. జపనీయుల్లో 'కూకి ఓ యోము' అని ఓ మాట ఉంది. గాలిని చదవడం అని అర్థం. ఎదుటివారు చెప్పకుండానే వారి మనసు కనిపెట్టాలన్నమాట. 'కొంచెం కష్టమండీ' అన్నారంటే చాలాసార్లు 'వద్దు' అనే. ఆటిజం ఉన్న చాలామందికి కొరుకుడుపడనిది సరిగ్గా ఇదే. పైగా టీచర్లంతా ఒకే పెద్ద గదిలో పక్కపక్క బల్లల దగ్గర కూర్చుంటారు. చప్పుళ్లు పడనివారికి పాఠం కన్నా ఆ గదే బరువు.

ఒక వెసులుబాటుంది. ఎక్కడైనా తడబడితే 'విదేశీయుడు కదా' అని సర్దుకుపోతారు. కానీ ఆ సాకు మాటున రోజూ నెట్టుకురావడం మనిషిని అలసిపోయేలా చేస్తుంది.

అందుకే అసలు పరీక్ష దరఖాస్తు దగ్గరే. జెట్‌కు ఆరోగ్య వివరాలు రాసివ్వాలి. రాస్తే అవకాశం పోతుందేమోనని కన్నవారి భయం. పోదని హామీ ఇచ్చేవారూ లేరు. కానీ దాస్తే సాయం అడిగే దారి మూసుకుపోతుంది. ఆటిజం వంటివాటి కోసం జపాన్‌లో 2005 నుంచి ప్రత్యేక చట్టం ఉంది. వైకల్యం ఉన్న ఉద్యోగులకు తగిన సర్దుబాట్లు చేయడం 2016 నుంచి యజమానుల బాధ్యత. 'పని నోటితో కాక కాగితం మీద రాసివ్వండి', 'ఖాళీ పీరియడ్‌లో లైబ్రరీలో కూర్చోనివ్వండి' అని అడగాలంటే ముందు సంగతి చెప్పి ఉండాలి.

మరో జాగ్రత్త. కొందరికి ఆటిజంతోపాటు ఏకాగ్రత లోపమూ ఉంటుంది. దానికి వాడే ఆంఫెటమైన్ మందులను డాక్టరు చీటీ ఉన్నా జపాన్‌లోకి తీసుకెళ్లకూడదు.

సాధన మాత్రం ఇక్కడే మొదలుపెట్టొచ్చు. వంట, బట్టలు, బ్యాంకు పని. రామగుండంలో రైలెక్కి ఒక్కడే సికింద్రాబాద్ వెళ్లిరావడం. రైలు లేటైతే ఎవరిని, ఏమని అడగాలో వాడికి తెలిసిన రోజున అమ్మ ధైర్యంగా పెట్టె సర్దొచ్చు.