పిలిస్తే పలికే వైద్యం అందరిదీ అయ్యేనా?

మనసుకు కలిగిన వ్యాధికి చికిత్స కావాలంటే పెద్ద పట్టణానికి ప్రయాణం కట్టవలసిన అవసరం కొంత తగ్గింది. 2022-23 కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించిన ‘టెలీ మానస్’ సేవ 2022 అక్టోబరు 10న, ప్రపంచ మానసిక ఆరోగ్య దినోత్సవం నాడు ప్రారంభమైంది. 14416 నంబరుకు రాత్రింబవళ్ళు ఎప్పుడైనా ఉచితంగా ఫోను చేయవచ్చు. తెలుగుతో సహా 20 భాషలలో సేవలు లభిస్తాయి. పిలుపు ఆయా రాష్ట్రంలోని కేంద్రానికి చేరుతుంది. తొలుత శిక్షణ పొందిన సలహాదారు మాట్లాడతారు, అవసరమైతే నిపుణులకు అప్పగిస్తారు. బెంగుళూరులోని నిమ్హాన్స్ ఈ వ్యవస్థకు మూలకేంద్రం. 2024 అక్టోబరులో యాప్ కూడా వచ్చింది.

ఇది స్వాగతించదగిన విస్తరణ. కౌమారంలో ఉన్నవారికి దీని అవసరం మరీ ఎక్కువ. 13-17 ఏళ్ళ వారిలో 7.3 శాతం మంది ఏదో ఒక మానసిక సమస్యతో బాధపడుతున్నారని 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే తేల్చింది. అయితే ఫోను ద్వారా వచ్చే వైద్యం ఫోను చేతిలో ఉన్నవారికే ముందుగా అందుతుంది.

గ్రామీణ ప్రాంతాలలో 14-18 ఏళ్ళ వారిని పరిశీలించిన ‘అసర్’ 2023 నివేదిక ప్రకారం, పదింట తొమ్మిది ఇళ్ళలో స్మార్ట్‌ఫోను ఉంది. కాని దానిని వాడగలిగిన వారిలో సొంత ఫోను ఉన్న బాలురు 43.7 శాతం కాగా, బాలికలు 19.8 శాతమే. మిగిలినవారికి తండ్రి పొలం నుంచో, కూలి నుంచో తిరిగి వచ్చాకే ఫోను దొరుకుతుంది. ఒకే గది ఉన్న ఇంట్లో అందరూ వింటుండగా పదిహేనేళ్ళ పిల్ల తన బాధ ఎలా చెప్పుకోగలదు? మాట్లాడినా, ఆ నంబరు ఫోనులో మిగిలిపోతుంది. పైగా, 2020 మార్చి నాటి టెలీమెడిసిన్ మార్గదర్శకాల ప్రకారం మైనర్లు వైద్యుని సంప్రదించేటప్పుడు పెద్దవారు తోడుండాలి. రక్షణ కోసం పెట్టిన నియమమే, ఇంటివారి వల్ల నలిగే బిడ్డకు అడ్డుగోడ కావచ్చు.

సరిహద్దు జిల్లాలలో మరో చిక్కు ఉంది. రాయగడలోని తెలుగు పిల్లలు ఒడియాలోనూ, బళ్ళారి పిల్లలు కన్నడంలోనూ చదువుకోవచ్చు. కాని దుఃఖం పొంగేది ఇంటి భాషలోనే. భాషల జాబితాలో తెలుగు ఉండడం వేరు, భువనేశ్వర్ వైపో, ముంబయి వైపో చేరిన పిలుపును తెలుగులో ఓపికగా వినే మనిషి వేళకు దొరకడం వేరు. హోసూరు నుంచి నిమ్హాన్స్‌కు బస్సులో వెళ్ళి రావచ్చు. మహారాష్ట్రలోని సిరొంచకు జిల్లా కేంద్రమైన గడ్చిరోలియే దాదాపు 200 కిలోమీటర్ల దూరం. ఎవరికి దూరవైద్యం ఎక్కువ అవసరమో, వారికే అది అందడం కష్టం.

ఈ అంతరాన్ని తగ్గించగల చోటు పాఠశాల. విశాఖపట్నంలో శిక్షణ పొందుతూ మరణించిన ఒక విద్యార్థిని కేసులో 2025 జులై 25న సుప్రీంకోర్టు తీర్పునిస్తూ, 100 మంది లేక అంతకు మించి విద్యార్థులున్న విద్యాసంస్థలు కనీసం ఒక అర్హుడైన సలహాదారును నియమించాలని, అంతకు తక్కువ ఉన్నవి బయటి నిపుణులతో సంబంధం ఏర్పరచుకోవాలని ఆదేశించింది. టెలీ మానస్ వంటి సహాయ నంబర్లను తరగతి గదులలో, వసతి గృహాలలో స్పష్టంగా ప్రదర్శించాలని కూడా చెప్పింది.

గోడమీద అంకెలు రాసినంతనే బాధ్యత తీరదు. బడిలో ఒక గది, అందులో ఒక ఫోను, తలుపు వేసుకొని మాట్లాడుకొనే స్వేచ్ఛ కల్పించాలి. ఆ నంబరు తెలుగులోనూ రాయాలి. ఇరుగుపొరుగు రాష్ట్రాల కేంద్రాలలో తెలుగు తెలిసిన సలహాదారులను నియమించాలి. ఫోనులో మాట్లాడిన తరువాత స్వయంగా చూడగల వైద్యుడు జిల్లా ఆసుపత్రిలో ఉండాలి. ఇవి జరగనంత కాలం, ఉచితమైన పిలుపు కూడా కొందరు పిల్లలకు అందని పండే.