నెలకో పూట సెలవివ్వండి

కాన్పు ఆసుపత్రిలోనే జరగాలని మన రాష్ట్రంలో ఇప్పుడు ఎవరికీ చెప్పనక్కర్లేదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 96కు పైగా కాన్పులు ఆసుపత్రుల్లోనే అయ్యాయి. అదే సర్వేలో గర్భిణుల్లో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నారని తేలింది. నొప్పులు మొదలయ్యాక 108 అంబులెన్స్ వస్తోంది. అంతకుముందు తొమ్మిది నెలలు గర్భిణిని పట్టించుకునేదెవరు?

ఏలూరులో తమ్మిలేరు గట్టు పేటలనే తీసుకోండి. పాచిపనికి వెళ్లే ఆడకూతురు తెల్లారకముందే ఇల్లు కదులుతుంది. ఆసుపత్రిలో ఓపీ చీటీలు రాసే వేళకు ఎవరింట్లోనో అంట్లు తోముతూ ఉంటుంది. బీపీ, రక్తం, మూత్రం చూపించుకోవాలంటే ఆ పూట పని మానాలి. రెండుసార్లు మానితే ఆ ఇంటివాళ్లు మరొకరిని పెట్టుకుంటారు. అందుకే వచ్చే నెల వెళదాంలే అనుకుంటుంది. కాళ్లు వాచినా, కళ్లు తిరిగినా కడుపుతో ఉన్నప్పుడు మామూలేనంటారు ఇరుగుపొరుగు. పెరిగిన బీపీ ఎప్పటికో గానీ బయటపడదు.

ఇక చిరునామా సమస్య. కొల్లేటి లంకల నుంచో, మా భీమడోలు చుట్టుపక్కల పల్లెల నుంచో బతుకుతెరువుకు వచ్చినవాళ్లు అద్దె పెరిగితే పేట మారతారు. ఆశా కార్యకర్త జాబితాలో పేరు ఒకచోట, మనిషి మరోచోట. పైగా తొలి కాన్పుకు పుట్టింటికి వెళ్లడం మన ఆచారం. సరిగ్గా జాగ్రత్తగా చూడాల్సిన చివరి నెలల్లో అమ్మాయి తనను ఎరిగిన ఏఎన్ఎంను వదిలి వెళుతుంది. తల్లీబిడ్డ కార్డు మరిచిపోతే పరీక్షలన్నీ మళ్లీ మొదటికే.

2013లో వచ్చిన జాతీయ పట్టణ ఆరోగ్య మిషన్ 50 వేల జనాభాకు ఒక ఆరోగ్య కేంద్రం ఉండాలంది. అది పేటలకు దగ్గరగా, సాయంత్రం ఓపీతో నడవాలని కూడా రాసింది. ప్రతి నెలా 9న ప్రభుత్వాసుపత్రుల్లో గర్భిణులను డాక్టర్లు ఉచితంగా చూసే పథకం 2016 నుంచి ఉంది. కానీ 9వ తేదీ పనిరోజైతే కూలి మానుకోవాల్సింది ఆమే.

సాయంత్రం ఓపీలో డాక్టరుతోపాటు ల్యాబ్ కూడా పనిచేయాలి. పరీక్ష కోసం మర్నాడు పొద్దున రమ్మంటే ఆమె రాలేకపోతుంది. పుట్టింటికి బయల్దేరే గర్భిణి వివరాలు ఇక్కడి ఏఎన్ఎం నుంచి అక్కడి ఏఎన్ఎంకు ముందుగానే చేరాలి. ఇందుకు కొత్త భవనాలు అక్కర్లేదు.

మన ఇళ్లల్లో పనిచేసే మనిషి కడుపుతో ఉంటే, అడగకముందే నెలకో పూట ఆసుపత్రికి పంపండి. ఆ పూట జీతం కోయకండి.