రైస్ పేపరట, రైస్!

దిల్‌సుఖ్‌నగర్‌లో చీర కొనేటప్పుడు మనం ఏం చేస్తాం? మడత విప్పించి, కొంగు నలిపి, వాకిట్లోకి తీసుకెళ్లి వెలుతుర్లో చూస్తాం. మీద అంటించిన చీటీ చదివి డబ్బిచ్చేస్తామా? మరి అమ్మమ్మగారి పాత ఫొటోని సైనోటైప్‌గా వేసుకుందామని కాగితం కొనబోతే మాత్రం, 'జపాన్ రైస్ పేపరండీ, ఆసిడ్ ఫ్రీ' అన్న రెండు ముక్కలకే పర్సు తెరిచేస్తామేం?

బియ్యానికీ దానికీ సంబంధమే లేదు. అది కోజో అనే మల్బరీ జాతి చెట్టు బెరడు నార. నార పొడుగు కాబట్టి పల్చటి కాగితమైనా తడిస్తే తొందరగా చిరగదు. గంపి అని ఇంకోటుంది, నున్నన, కాస్త మెరుపు. నగల నగిషీ కూడా తేటగా రావాలంటే అదే మేలు.

ఇక ఆసిడ్ ఫ్రీ. ఆ ముద్రున్న చాలా కాగితాల్లో సుద్ద కలుపుతారు. పుస్తకాలకి మంచిదే. కానీ సైనోటైప్ అంటే ఇనుప లవణాల మందు పూసి, నెగటివ్ పెట్టి, ఎండలో ఉంచి, నీళ్లలో కడిగితే వచ్చే నీలం బొమ్మ. ఆ నీలానికి క్షారం పడదు, వెలిసిపోతుంది. 1842లో జాన్ హెర్షెల్ కనిపెట్టిన ఈ పద్ధతితో మరుసటేడే సముద్రపు నాచుల బొమ్మలు వేసి, ఫొటోల పుస్తకాలకి నాంది పలికింది ఆనా ఆట్కిన్స్ అనే ఆవిడ. (ఆడవాళ్లకి ఈ కాగితాల గొడవెందుకమ్మా అనేవాళ్లకి ఈ మాట చెప్పండి.)

మంచి కోజోలో మామూలుగా సుద్ద ఉండదు. కలిపేవాళ్లూ లేకపోలేదు. అందుకని ముందు ఒక ముక్క అడిగి ఇంటికి తెచ్చుకోండి. వెనిగర్ చుక్క వేస్తే బుడగలొచ్చాయా, సుద్దుందన్నమాటే. నీటిచుక్కని గుటుక్కున పీల్చేసిందా, గంజి పట్టలేదు, మందు అవతలి వైపుకి దిగిపోతుంది. అలాంటిదానికి జెలటిన్ పల్చగా పూసి ఆరబెడితే సరి. చీరలకి గంజి పెట్టిన చేతులకి ఇదో లెక్కా?

'ముక్కలివ్వం, ప్యాకెట్టే కొనాలి' అన్నాడా, మారుమాటాడకుండా మెట్లు దిగండి. చీరని విప్పి చూడనివ్వని కొట్లో ఏ రోజైనా కొన్నామా?

ఎల్.బి. నగర్ డాబాల మీద ఎండకేం కొదవ! చిక్కల్లా బోరునీళ్లతో. గిన్నెల మీద తెల్లటి పొర కట్టే ఆ నీళ్లూ క్షారమే. మొదటి కడుగులో చిటికెడు నిమ్మ ఉప్పు వెయ్యండి. తడి కాగితాన్ని మూల పట్టుకుని లాగకండి, కింద ప్లాస్టిక్ షీటు పెట్టి ఎత్తండి.