బక్కగా ఉంటే బాగున్నట్టు కాదు



మేము తిరుపతిలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నాం. మా ఇళ్ళల్లో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. పోయిన సెలవుల్లో ఊరికి పోతే, మా వీధిలో ఒక అవ్వ వాకిట్లో జారిపడి తుంటి ఎముక ఇరిగి మంచంలో ఉంది. "ముసలితనం, ఏం చేస్తాం" అన్నారు అందరూ. ఆ అవ్వ 40 కిలోలు కూడా లేదు. ఆ మాట మాత్రం ఎవరూ ఎత్తలేదు.

లావుంటేనే జబ్బు, బక్కగా ఉంటే ఆరోగ్యం అని మనం నమ్ముతున్నాం. అది తప్పు. బరువు మరీ తక్కువుంటే ఎముకలో బలం తగ్గుతుంది, పడినప్పుడు తుంటికి అడ్డుండే కండ, కొవ్వు కూడా ఉండవు. అట్లని లావుంటే భయం లేదనీ కాదు, వాళ్ళకు చీలమండ దగ్గర ఇరగడం ఎక్కువ.

బరువొక్కటే కాదు. ముందే ఒకసారి ఎముక ఇరిగి ఉన్నా, అమ్మకో నాయనకో తుంటి ఇరిగి ఉన్నా, బీడీ, సారా అలవాటున్నా, స్టెరాయిడ్ మాత్రలు ఎక్కువ కాలం వాడినా ప్రమాదమే. నెలసరి తొందరగా ఆగినా అంతే. చిన్న వయసులోనే గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్ళు మన రాష్ట్రంలో చాలామంది. అండాశయాలు కూడా తీసేస్తే ఎముక ఇంకా తొందరగా పలచబడుతుంది.

"ఎండలో పనిచేసేవాళ్ళం, మనకేం" అంటారా? తిరుపతి స్విమ్స్ డాక్టర్లు 2007లో అచ్చేసిన పరిశోధన చూడండి. పల్లెల్లో కూడా చాలామందికి విటమిన్ డి తక్కువే. తిండిలో కాల్షియం అయితే పట్నం వాళ్ళకంటే పల్లెవాళ్ళకే తక్కువ.

ఎముక గట్టిపడేది దాదాపు 30 ఏళ్ళ లోపే. అంటే ఇప్పుడే, మన హాస్టల్ రోజుల్లోనే. కానీ మనలో ఎంతమంది ఆడపిల్లలు టిఫిన్ మానేసి క్లాసుకు పోతున్నారు? సంగటి తినే సీమలో పుట్టి, సంగటి అంటే నామోషీ పడుతున్నాం. 100 గ్రాముల రాగుల్లో దాదాపు 340 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది, తెల్లబియ్యంలో 10 దాకా ఉంటే గొప్ప. నానబెట్టి మొలకగట్టిన రాగులైతే ఒంటికి ఇంకా బాగా పడుతుంది.

మేము అడిగేది మూడే. హాస్టల్ మెనూలో సంగటి, పెరుగు, గుడ్డు కోసం అందరం కలిసి అడుగుదాం. బక్కగా ఉన్న చెల్లెల్ని ఎగతాళి చేయొద్దు, నాజూగ్గా ఉందని పొగడనూ వద్దు, తిన్నదా లేదా అడగండి. ఈసారి ఇంటికి పోయినప్పుడు అమ్మను, అవ్వను పీహెచ్‌సీకి తీసుకుపోయి బరువు చూపించండి. ముందెప్పుడైనా చెయ్యి ఇరిగి ఉంటే ఆ సంగతి డాక్టరుకు మీరే చెప్పండి, వాళ్ళు చెప్పుకోరు.

కూలికి పోయే అమ్మ మంచం పడితే ముందు ఆగేది మన చదువే. ఆ సంగతి మనకంటే బాగా తెలిసినవాళ్ళు ఎవరున్నారు?