ఐదవ తేదీ పండుగ

స్వాతంత్ర్యదినోత్సవము సమీపించినదనిన మన పట్టణములలో పనులన్నియు నొక క్రమమున సాగిపోవును. మైదానమును చదును చేయింతురు. జెండాస్తంభమునకు రంగు వేయింతురు. వక్తల పేర్లు వరుసగా అచ్చొత్తింతురు. ఎవరు ముందు మాటాడవలెను, ఎవరు వేదికపై మధ్య కుర్చీలో కూర్చుండవలెను అను చర్చతోనే ఉత్సవసంఘమువారి సాయంకాలములు రెండుమూడు గడచిపోవును. ఇన్ని చర్చలలో నొక్క ప్రశ్నమాత్రము తలయెత్తదు. ఈ స్వాతంత్ర్యము ఇంకను ఎవని యింటి గడప త్రొక్కలేదో, ఆ మనుష్యుని ఈ వేదికపైకి పిలువవలదా? పిలిచి, అతడు చెప్పునది చెవియొగ్గి వినవలదా?

ఈ ప్రశ్నకు 1852లో అమెరికాలోని ఒక చిన్న పట్టణమున కొందరు స్త్రీలు తమ చేతలతో సమాధానమిచ్చిరి. ఆ కథ ఆ దేశమున బహుప్రసిద్ధము. మన దేశమున ఉత్సవసంఘములలో కూర్చుండువారికి అది మరింత అవసరమని మా యభిప్రాయము.

ఆ పట్టణము పేరు రోచెస్టరు. అది న్యూయార్కు రాష్ట్రపు పశ్చిమభాగమున జెనెసీ నదియొడ్డున నున్నది. నదీజలపాతముల బలముచే అచట పిండిమరలు నిర్విరామముగా తిరుగుచుండెడివి. 1825లో ఈరీ కాలువ పూర్తికాగా ఆ పిండి పడవలకెక్కి తూర్పుతీరమునకు పోవుచుండెను. 1850 నాటి జనసంఖ్య ముప్పదియాఱు వేలు. నేటి మన లెక్కలో నొక చిన్న మునిసిపాలిటీ. పట్టణమునకు ఉత్తరమున ఒంటారియో సరస్సు, దానికావల కెనడా. కెనడా బ్రిటిషువారి యేలుబడిలోనిది గనుక అచట బానిసత్వము అప్పటికే రద్దయినది. దక్షిణరాష్ట్రముల తోటలనుండి పారిపోయి వచ్చినవారు రాత్రివేళల నీ పట్టణమున తలదాచుకొని, సరస్సు దాటి స్వతంత్రులగుచుండిరి. వారికి ఆశ్రయమిచ్చిన యిండ్లలో ఫ్రెడరిక్ డగ్లసు ఇల్లు ఒకటి.

డగ్లసు స్వయముగా బానిసగా పుట్టినవాడు. మేరీలాండు రాష్ట్రమునుండి 1838లో పారిపోయి వచ్చెను. 1846లో ఇంగ్లాండునందలి మిత్రులు చందాలెత్తి, యజమానికి వెలయిచ్చి, ఆయనను చట్టప్రకారము విడిపించిరి. అనగా తన శరీరమునకు తాను యజమాని యగుటకు ఆయనకు క్రయపత్రము కావలసివచ్చినది! 1847లో రోచెస్టరునకు వచ్చి అచటినుండి వారపత్రిక నడుప నారంభించెను. ఆ పత్రికను ప్రకటించిన యూరనే, మరుసటియేట ఆయన కుమార్తెను ఒక ప్రైవేటు బాలికాపాఠశాలలో చేర్చుకొని, తోడి బాలికలతో కలియనీయక వేఱుగదిలో కూర్చుండబెట్టిరి. ఆ యూరు పుణ్యక్షేత్రము కాదు. అన్ని యూళ్లవంటిదే.

1852లో జులై 4వ తేదీ ఆదివారమయ్యెను. అందుచే ఉత్సవము సోమవారము, అనగా 5వ తేదీన, జరిగినది. ఇందొక విశేషమున్నది. న్యూయార్కు రాష్ట్రమున బానిసత్వము 1827 జులై 4న చట్టరీత్యా అంతరించినది. కాని నల్లజాతివారిలో పెక్కుమంది ఆ విముక్తిదినమును 4న గాక 5న జరుపుకొనుచుండిరి. 4వ తేదీన వీథులలోనికి వచ్చిన తమపై తెల్లజాతి మూకలు పడునను భయమొక కారణము. దేశమంతట తమవారు బానిసలై యుండగా ఆ దినము తమది కాదను భావము రెండవ కారణము. ఒక దేశపు స్వాతంత్ర్యదినమునకు మఱునాడే మఱియొక స్వాతంత్ర్యదినము! ఈ ఒక్క దినపు వ్యవధిలో ఆ దేశచరిత్రమంతయు ఇమిడియున్నది.

ఆ 5వ తేదీన ఉపన్యసింపుమని డగ్లసును పిలిచినవారు పురపాలకులు కారు. రోచెస్టరు బానిసత్వవ్యతిరేక మహిళాసంఘమువారు. ఆ స్త్రీలకు నాడు వోటుహక్కు లేదు. స్వాతంత్ర్యము పూర్తిగా చేరనివారే అది బొత్తిగా చేరనివారి పక్షమున నిలిచినవానిని పిలిచిరన్నమాట. కొరింథియన్ హాలను సభాభవనమున అయిదాఱువందలమంది చేరిరి. ప్రవేశరుసుము పండ్రెండు సెంట్లు. మొదట 1776 నాటి స్వాతంత్ర్యప్రకటనను చదివిరి. పిమ్మట డగ్లసు లేచెను.

ఆయన ఉపన్యాసము నడచిన తీరు మేము మరల మరల తలపోయుచుందుము. ఆయన శాపనార్థములతో ఆరంభింపలేదు. ఆ దేశమును స్థాపించినవారి ధైర్యమును, త్యాగమును నిండు మనస్సుతో కొనియాడెను. కాని ఆ కొనియాడునపుడే 'మీ తండ్రులు', 'మీ పండుగ' అనుచు మాటాడెను. 'మన' యను మాటను ఆ పండుగకు తగిలింపలేదు. శ్రోతలకు అది మెల్లమెల్లగా తెలిసివచ్చినది. ఆపైన, సంకెళ్లలోనున్నవానికి ఈ పండుగతో ఏమి సంబంధమని సూటిగా ప్రశ్నించెను. అప్పటికి ఆ దేశమున ముప్పదిరెండు లక్షలమంది బానిసలుండిరి. వారి పక్షమున నిలిచి చూచినచో మీ గంటానాదములు, మీ ప్రార్థనలు, మీ ఊరేగింపులు కపటముగా తోచుచున్నవని మొగముమీదనే చెప్పెను. మానవులను సంతలో అమ్ముటను, దానిని చూచుచు నూరకున్న దేవాలయములను గూర్చి పేరుపెట్టి పలికెను.

న్యాయవాదవృత్తిలో నున్న మమ్ము మిక్కిలి కలతపెట్టినది ఆయన 1850 నాటి పలాయితుల చట్టమును విప్పిచూపిన భాగము. ఆ చట్టప్రకారము, పారిపోయిన బానిస యని పట్టుబడినవాడు తన పక్షమున తాను సాక్ష్యమిచ్చుకొనుటకు వీలులేదు. జ్యూరీ విచారణ లేదు. విచారించు కమీషనరు అతనిని బానిసగా తిప్పిపంపినచో పదిడాలర్లు, విడిచిపెట్టినచో అయిదుడాలర్లు రుసుము పుచ్చుకొనును. తప్పించుకొనుటకు తోడ్పడిన పౌరునకు వేయిడాలర్లవఱకు జరిమానా, ఆఱునెలలవఱకు ఖైదు. ఇది దొంగలు వ్రాసికొనిన శాసనము కాదు. స్వాతంత్ర్యప్రకటన చేసిన దేశపు శాసనసభలు ఆమోదించి, అధ్యక్షుడు సంతకము చేసిన చట్టము. న్యాయమూర్తి తీర్పునకు రెండు ధరలు కట్టిన ఆ శాసనము అమలులో నుండగా, దానిక్రింద శిక్షార్హమైన పనిని తన యింటనే చేయుచున్న మనుష్యుడు, వందలమంది యెదుట నిలిచి దానిని ఖండించెను. సభవారు ఆయనను దింపివేయలేదు. హర్షధ్వానములు చేసిరి. ఆ యుపన్యాసమును పుస్తకముగా అచ్చువేయవలెనని కోరి, అక్కడికక్కడే ఏడువందల ప్రతులకు చందా వ్రాసిరి.

ఇంకొక మాట. డగ్లసు ఆ దేశపు రాజ్యాంగమును తిరస్కరింపలేదు. అది బానిసత్వమునకు కాపుగాయు పత్రమని ఆయన గురుస్థానీయుడైన గారిసన్ వాదించుచుండెను. 1854 జులై 4న, మసాచుసెట్సు రాష్ట్రమునందలి ఫ్రేమింగుహామను చిన్న యూరిలో, గారిసన్ ఆ రాజ్యాంగప్రతిని సభామధ్యమున తగులబెట్టెను. డగ్లసు దారి వేఱు. సరిగా చదివినచో అది స్వాతంత్ర్యపత్రమే యనియు, దాని మాటను దానిచేతనే నెఱవేర్పించవలెననియు ఆయన 1851 నాటికే నిశ్చయించుకొనెను. ఆనాటి యుపన్యాసమును ఆశతోనే ముగించెను. ఒకే పండుగనాడు ఒకడు పత్రమును కాల్చెను. ఒకడు దానిపై దావా వేసెను. ఇరువురి ఆవేదనయు నిజమే. కాని మేము రెండవవాని పక్షమువారము. ఇచ్చిన మాటను చించివేసిన, మాట తప్పినవాడు ఋణవిముక్తుడగును. దానిని భద్రపఱచి మాటిమాటికి చూపినచో అతడు తప్పించుకొనలేడు.

ఆ ఋణము కొంత తీరుటకు మఱి పదుమూడేండ్లును, ఒక మహాయుద్ధమును పట్టినవి. 1865లో పదుమూడవ సవరణచే బానిసత్వము రద్దయ్యెను. ఆ రోచెస్టరుననే సుసాన్ ఆంథొనీ 1872లో వోటు వేసి, వేసిన నేరమునకు మఱుసటియేట నూఱుడాలర్ల జరిమానాకు గుఱియై, దానిని ఎన్నడును చెల్లింపలేదు. స్త్రీల వోటుహక్కు 1920లోగాని దేశమంతటికి రాలేదు. రోచెస్టరు 1899లో డగ్లసు విగ్రహమును నిలిపినది. 2020 జులై 5వ తేదీననే అచట ఆయన ప్రతిమ యొకటి పీఠమునుండి పెఱికి పారవేయబడియుండగా చూచిరి. పౌరులు కొలదిదినములలో మఱియొకదానిని నిలిపిరి. ఆ ఐదవ తేదీ వ్యాజ్యము ఇంకను పూర్తిగా పరిష్కారము కాలేదని దీనివలన తెలియుచున్నది.

ఇంతదూరపు కథ మనకేల యందురా? మనకును ఇట్టి దినములున్నవి. 1947 ఆగస్టు 15న కృష్ణకు ఈ యొడ్డున గుంటూరు మండలమున ఇంటింట జెండా లెగిరినవి. ఆ యొడ్డున నల్లగొండ మండలమున ఆ జెండాయే నేరమయ్యెను. హైదరాబాదు సంస్థానమున స్వామి రామానంద తీర్థ ఆనాడే నిర్బంధింపబడిరి. ఆ ప్రజలకు ఆ దినము చేరుటకు 1948 సెప్టెంబరువఱకు పట్టినది. ఒకే భాష, ఒకే నది. నడుమ పదుమూడు నెలల దూరము. అవతలియొడ్డును తలంపని ఉత్సవము ఆనాడు ఎట్లు అసంపూర్ణమో, నేడును అట్లే. నేటి అవతలియొడ్డు భూపటముపై కానరాదు, అంతియే భేదము.

మా యనుభవము నొకటి చెప్పి మా తప్పును ఒప్పుకొందుము. మే మొక యుత్సవసంఘమున సభ్యులమై యుంటిమి. తెల్లవారుజామున నాలుగుగంటలకే వీథులూడ్చు స్త్రీలు వచ్చి ఆ మైదానమును అద్దమువలె చేసిరి. ఎనిమిదిగంటలకు జెండా ఎగిరినది. స్వాతంత్ర్యఫలములను గూర్చి మేమును పావుగంట మాటాడితిమి. దిగివచ్చునప్పటికి వారు త్రాటికావల చీపురులతో నిలిచియుండిరి. ఎందుకు పోలేదమ్మా యని యడిగితిమి. “జనం పోయినాక కాగితాలు ఏరాల గదయ్యా. మూన్నెల్లయింది జీతాలు రాక, పెద్దలంతా ఈడనే ఉన్నారు గదా, చెబుదామంటే ఎవురూ దిగి రాలేదు” అని ఒకామె చెప్పినది. అప్పటికి మిఠాయిపొట్లములు అయిపోయినవి. మా యుపన్యాసము పత్రికలలో పడినది. ఆమె మాట ఎచటను పడలేదు. ఆనాడు ఆ మైదానమున డగ్లసు ఎవరో, ఉత్సవసంఘ మెవరో మేము గుర్తింపలేకపోతిమి.

అస్పృశ్యతను మన రాజ్యాంగము 17వ అధికరణమున రద్దుచేసినది. మనుష్యులచే మలమెత్తించుటను 1993లో నొకమాఱు, 2013లో మఱియొకమాఱు చట్టముచే నిషేధించితిమి. ఒకే పనిని రెండుమాఱులు నిషేధింపవలసివచ్చుటయే మొదటి నిషేధమునకు పట్టిన గతిని చెప్పుచున్నది. రాజకీయమున సమానత్వమును, సాంఘికార్థిక జీవనమున అసమానత్వమును పెట్టుకొని మనము వైరుధ్యముల బ్రతుకులోనికి ప్రవేశించుచున్నామని 1949 నవంబరు 25న అంబేద్కరు హెచ్చరించెను. ఆ హెచ్చరిక జెండా క్రింద వినిపించుట కిష్టములేకయే మనము వాద్యముల ధ్వని హెచ్చించుచున్నామా?

ఉత్సవములు వలదని మేము చెప్పుట లేదు. జెండా చూచి కన్ను చెమర్చని మనుష్యుని మేము నమ్మజాలము. మా సూచన మిక్కిలి స్వల్పము. రానున్న ఆగస్టు 15న ప్రతి పట్టణమునందును వక్తల పట్టికలో ఒక్క పేరు తగ్గించి, ఆ మైదానము నూడ్చినవారిలో నొకరికి ఆ స్థానమిండు. మొదట రాజ్యాంగపీఠికను చదివించి, వెంటనే వారిని మాటాడనిండు. వ్రాసియిచ్చిన కృతజ్ఞతావాక్యములు కాదు. వారు చెప్పదలచినది చెప్పనిండు. రావలసిన జీతమును గూర్చి చెప్పినను, మన మొగములు ఎఱ్ఱబడినను, రోచెస్టరు శ్రోతలవలె కడవఱకు కూర్చుండి విందము. జీతమియ్యవలసినవారు ఆ వేదికపైననే యుందురు గనుక సమాధానము అచటనే చెప్పవచ్చును.

దేశమున కది అవమానమని కొందరనవచ్చును. డగ్లసును పిలిచినందువలన రోచెస్టరు పేరు చెడలేదు. ఆనాడు అమెరికాలో వేలకొలది యూళ్లలో జెండాలెగిరినవి, ఫిరంగులు మ్రోగినవి, గొప్ప గొప్ప ఉపన్యాసములు జరిగినవి. వానిలో ఒక్కటైనను లోకమునకు జ్ఞాపకమున్నదా? పండ్రెండు సెంట్ల టిక్కెట్టుపెట్టి, కటువైన మాట వినుటకు తలుపు తెఱచిన ఆ యొక్క హాలు మాత్రము నిలిచినది.