నేరం తెలుగుదా?

మా అబ్బాయికి మాటలు ఎందుకు రాలేదని ఎవరడిగినా ఎనిమిదేళ్ళపాటు నేను చెప్పిన జవాబు ఒకటే: "ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, బజారులో కన్నడం. మూడింటి మధ్య పడి వాడికి తికమకైంది." హోసూరులో ఈ మాట ఎవరికైనా నమ్మబుద్ధవుతుంది. విన్నవాళ్ళు తలూపి, "ఇంట్లో తెలుగు మానేయండి సార్, అన్నీ సర్దుకుంటాయి" అని సలహా ఇచ్చి వెళ్ళేవారు.

అది అబద్ధమని చెప్పేటప్పుడే నాకు తెలుసు. 2007లో, వాడి నాలుగో ఏట, బెంగుళూరు డాక్టరుగారు కాగితం మీద రాసిచ్చిన మాట ఆటిజం. ఆ కాగితాన్ని ఇంటి దస్తావేజుల కింద పెట్టి బీరువాకు తాళం వేశాను. రోజంతా బ్యాంకులో కూర్చుని "ఏదీ దాచకుండా వివరాలు నింపండి" అని ఊరందరికీ చెప్పే ఉద్యోగం నాది!

తెలుగు బడులు మూతపడుతున్నాయని మనం సభలు పెడతాం, అర్జీలు రాస్తాం. ఆ అర్జీల మీద సంతకం చేసిన చేత్తోనే నా పరువు కోసం నేరాన్ని తల్లిభాష మీదికి నెట్టాను. నెట్టి ఊరుకున్నానా? ఆడిన అబద్ధం నిలబడాలి గనుక ఇంట్లో వాడితో తెలుగు మాట్లాడటం మాన్పించాను. మా అమ్మకు తెలుగు తప్ప మరో భాష రాదు. మనవడి పక్కన నోరు కట్టుకుని కూర్చునేది. తన మాటే వాడికి కీడు చేసిందనుకుంటూ 2012లో కన్నుమూసింది. రెండు భాషల ఇళ్ళలో పెరిగే ఆటిజం పిల్లల మీద పరిశీలనలు జరిగాయి. రెండో భాష వల్ల వాళ్ళ మాట వెనకబడ్డట్టు తేలలేదు. ఆ సంగతి ఆమెకు చెప్పేవాడు ఇంట్లో లేకపోయాడు.

భాష తరవాత వంతు తల్లిది. "చంటిప్పుడు సరిగ్గా ఎత్తుకోలేదేమో" అని మా ఆవిడ ముఖం మీదే అన్నారు. ఇది మనవాళ్ళే కనిపెట్టిన నింద కాదు. అమెరికాలో లియో కానర్ 1943లో ఈ స్థితిని వర్ణించిన తరవాత, తల్లులలో ప్రేమ చల్లబడటమే కారణమని అక్కడి పెద్ద పెద్ద చదువరులే ఏళ్ళతరబడి అన్నారు. ఆ వాదాన్ని 1964లో పుస్తకం రాసి ఎదిరించిన బెర్నార్డ్ రిమ్‌లాండ్ అలాంటి బిడ్డకు తండ్రి. ఆ తండ్రి పుస్తకం రాశాడు. నేను బీరువాకు తాళం వేశాను.

తాళం తీయించింది బడి. 2015లో, పేరు పిలిస్తే పలకలేదని మావాణ్ణి వాతలు తేలేలా కొట్టారు. నిలదీయడానికి వెళితే, "వాడికి ఇలాంటిది ఉందని మాకెవరు చెప్పారు?" అన్నారు. కొట్టడం వాళ్ళ తప్పే. కానీ ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు.

"ఆడపిల్ల ఉన్న ఇల్లు, బయటపెడితే సంబంధాలు వస్తాయా?" అంటారు. మా అమ్మాయి సంబంధాలప్పుడు మొదటి మాటగా చెప్పాం. ఇద్దరు మళ్ళీ రాలేదు. మూడోవారు వచ్చారు. రానివాళ్ళ వల్ల మాకు మేలే జరిగింది. అలాంటి ఇంటికి పండక్కి మావాణ్ణి తీసుకుని ఎలా వెళ్ళేవాళ్ళం? "వంశంలో వస్తుందట గదా" అంటారు. జన్యువుల పాత్ర ఉన్నమాట నిజమే. అయితే మరీ చెప్పాలి. దాచిన అప్పుకు వడ్డీ ఆగదు.

ఇంకొందరు జాలి మానేసి ఆశ్చర్యం మొదలుపెడతారు: "లెక్కల్లో గట్టివాడా?" కాదండీ. వాడికి లెక్కలు రావు. గొప్ప విద్య ఏదో చూపిస్తేనే మనిషిగా లెక్కలోకి తీసుకుంటామనడం కూడా చిన్నచూపే.

చట్టం కూడా ఈ పేరు పలకడానికి సమయం తీసుకుంది. 1995 వికలాంగుల చట్టంలో ఆటిజం లేదు. 1999 నేషనల్ ట్రస్టు చట్టంలో వచ్చింది, 2016 చట్టం 21 వైకల్యాల్లో ఒకటిగా చేర్చింది. బిడ్డకు పద్దెనిమిది నిండితే తండ్రి సంతకం చెల్లదు. 1999 చట్టం కింద జిల్లా కమిటీ గార్డియన్‌ను నియమిస్తుంది. ఆ పత్రం చూసి ఖాతా నడపనివ్వమని రిజర్వు బ్యాంకు 2007లోనే బ్యాంకులకు చెప్పింది. నేను కాగితం దాచిన సంవత్సరం కూడా అదే. పేరు చెప్పనివాడికి ఇందులో ఏదీ అందదు.

తమ సంగతి తాము చెప్పుకోగల పిల్లలను అడగకుండా వీధిలో చాటమని నేననను. ఎవరికి చెప్పాలో నిర్ణయించే హక్కు వాళ్ళది. కానీ మనం దాచేది వాళ్ళ కోసమా, మన పరువు కోసమా? గుండెమీద చెయ్యి వేసుకుని చెప్పండి.

ఈసారి ఉగాది సభకు మావాడు కూడా వస్తాడు. చెవులు మూసుకుంటాడు, మధ్యలో లేచి తిరుగుతాడు. ఎందుకని అడగండి, చెబుతాను. వాడితో మాట్లాడాలనుకుంటే మాత్రం తెలుగులో మాట్లాడండి.