సబ్బు ఆమెకి, సిమెంటు అతనికి... మరి ఉద్యోగం?

అమలాపురం ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర బస్సు కోసం నిలబడ్డప్పుడు గోడలకీ, స్తంభాలకీ అంటించిన కాగితాలు చదివే అలవాటు మీకూ ఉండే ఉంటుంది. డిగ్రీ చేతికొచ్చి ఉద్యోగం వెతుక్కునే రోజుల్లో ఎవరికైనా ఆ అలవాటు వచ్చేస్తుంది. ‘టెలికాలర్లు కావలెను - స్త్రీలు మాత్రమే’. ‘రిసెప్షనిస్టు - చూడచక్కని అమ్మాయిలు’. ‘మార్కెటింగ్ ఎగ్జిక్యూటివ్ - పురుషులు, సొంత బైకు తప్పనిసరి’. ఈ ధోరణిలో ఉంటాయి అవన్నీ. తల కాస్త పైకెత్తితే ఫ్లెక్సీలు. పట్టుచీర, వడ్డాణంతో పెళ్లికూతురు ఒక దాంట్లో, సిమెంటు బస్తా పక్కన కండలు చూపిస్తూ హీరో ఇంకో దాంట్లో.

పైన ఉన్నదాన్ని యాడ్ అంటాం, కింద ఉన్నదాన్ని ఉద్యోగ ప్రకటన అంటాం. రెండిటికీ సంబంధం లేదనుకుంటాం. నిజానికి ఫలానా పని ఆడవాళ్లది, ఫలానాది మగవాళ్లది అని పై బొమ్మ ఏళ్ల తరబడి చెప్పిన మాటనే కింది కాగితం నాలుగు అక్షరాల్లో అచ్చు వేస్తోంది.

క్యాంపస్ సెలక్షన్లలో, ఎంబీఏ ఇంటర్వ్యూల్లో ‘ప్రకటనల్లో స్త్రీల చిత్రణ’ అనే టాపిక్ గ్రూప్ డిస్కషన్‌కి వస్తూనే ఉంటుంది. మొదట నోరు తెరిచినవాళ్లు ‘స్త్రీని సరుకుగా చూపిస్తున్నారండీ’ అంటారు. మిగతావాళ్లు అదే మాటని అటూ ఇటూ తిప్పి చెబుతారు. రెండు నిమిషాల్లో చర్చ చల్లబడిపోతుంది. కొంచెం లెక్కలు, కొంచెం చరిత్ర తెలిసినవాళ్లే అక్కడ నిలబడతారు.

తెరనిండా వాళ్లే, అయినా...

యునిసెఫ్, జీనా డేవిస్ ఇన్‌స్టిట్యూట్ కలిసి 2021లో ఒక అధ్యయనం విడుదల చేశాయి. 2019లో మన దేశంలో టీవీలోనూ యూట్యూబ్‌లోనూ ఎక్కువమంది చూసిన వెయ్యికి పైగా ప్రకటనల్ని పరిశీలించారు. తెరమీద కనిపించే సమయంలో 59.7 శాతం, మాట్లాడే సమయంలో 56.3 శాతం స్త్రీ పాత్రలదేనని తేలింది. ‘మరింకేం, ఆడవాళ్లే ముందున్నారుగా’ అని గ్రూప్ డిస్కషన్‌లో ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. అక్కడే ఆగి చూడాలి. ఆ సమయమంతా ఎక్కడ ఖర్చయింది? ఇల్లు శుభ్రం చేసే సరుకులు, తిండి పదార్థాలు, అందం పెంచే క్రీములు అమ్మడంలో. ఇంకో అంకె చూడండి: ప్రకటనల్లోని స్త్రీ పాత్రల్లో 66.9 శాతం తెలుపు లేదా చామనఛాయకి పైన ఉన్న రంగువాళ్లు. పురుష పాత్రల్లో అది 52.1 శాతం. అంటే మగవాడికి రంగు విషయంలో కాస్త వెసులుబాటు ఉంది.

రంగు మాటొచ్చింది కాబట్టి, ఉద్యోగాలు వెతుకుతున్న మీరు తప్పక తెలుసుకోవాల్సిన యాడ్ ఒకటుంది. హిందుస్థాన్ లీవర్ వాళ్ల ఫెయిర్ అండ్ లవ్లీ 1975లో మార్కెట్లోకి వచ్చింది. దాని ప్రకటనల్లో ఒకదాని కథ ఇది: ఇంట్లో డబ్బుకి ఇబ్బంది. కొడుకుంటే ఎంత బాగుండేదని తండ్రి వాపోతాడు. కూతురు ఆ మాట విని క్రీము రాసుకుంటుంది, రంగు తేలుతుంది, ఎయిర్ హోస్టెస్ అవుతుంది. అఖిల భారత ప్రజాతంత్ర మహిళా సంఘం, అంటే ఐద్వా, దీనిమీద గట్టిగా పోరాడింది. 2003లో ఆ యాడ్ ఆగిపోయింది. అందులో అమ్మకానికి పెట్టింది పెళ్లి సంబంధాన్ని కాదు, ఉద్యోగాన్ని. చదువు, శిక్షణ, ఇంగ్లిషు ఏదీ ఆ కథలో లేదు. ట్యూబు ఒక్కటే ఉంది. పేరులోంచి ‘ఫెయిర్’ తీసేసి గ్లో అండ్ లవ్లీ అని మార్చడానికి 2020 దాకా పట్టింది. ఈలోగా 2005లో ఇమామీ మగవాళ్ల కోసం ఫెయిర్ అండ్ హ్యాండ్‌సమ్ తెచ్చింది. అబ్బాయిలూ తప్పించుకోలేదన్నమాట.

ఫ్లెక్సీలో లేనివాళ్లు

కోనసీమలో చెరువుల మీదుగా వెళ్తే రొయ్యల మేత, మందుల బోర్డులు కనిపిస్తాయి. వాటిమీద రైతు అంటే మగవాడే. కానీ ప్రాసెసింగ్ ప్లాంట్లలో చలిలో నిలబడి రొయ్య తల తీసి, పొట్టు వలిచేది ఎక్కువగా ఆడవాళ్లు. కొబ్బరి పీచు యూనిట్లలోనూ వాళ్ల చేతులే ఎక్కువ. ఎరువుల బస్తా మీదా అంతే, నాట్లు వేసే మనిషి బొమ్మ దాదాపుగా కనపడదు. కొబ్బరినూనె దగ్గరికి వచ్చేసరికి ఆమె ప్రత్యక్షమవుతుంది, మోకాళ్లదాకా జడతో.

ఆత్రేయపురం పూతరేకుల సంగతి ఇంకా ఆసక్తిగా ఉంటుంది. 2023లో వాటికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. బోర్లించిన కుండ కింద మంట పెట్టి, పల్చటి పిండిలో ముంచిన గుడ్డని ఒక్క విసురులో లాగి రేకు తీయడం ఎంత నైపుణ్యమో చూసినవాళ్లకే తెలుస్తుంది. ఆ పని చేసేది ఎక్కువగా మహిళలు. ఇలాంటి మన పిండివంటల పెట్టెలమీద సాధారణంగా ఏం రాస్తారు? ‘అమ్మమ్మ చేతి రుచి’. వినడానికి తియ్యగానే ఉంటుంది. కానీ ఆ మాటతో పొగ దగ్గర గంటల తరబడి కూర్చున్న కార్మికురాలు ప్రేమతో వండిపెట్టే ముసలమ్మ అయిపోతుంది. ప్రేమకి కూలి రేటు ఎవరూ అడగరు. కంసాలి పనినీ, వడ్రంగి పనినీ ‘తాతయ్య చేతి ప్రేమ’ అని అమ్మడం మీరెప్పుడైనా చూశారా?

కంపెనీల వాదన కూడా వినండి

ఇంటర్వ్యూలో మీరు అటువైపు కుర్చీలో ఉన్నవాళ్లని ఒప్పించాలంటే వాళ్ల మాట కూడా తెలియాలి. ‘ఉన్నదే చూపిస్తున్నాం, బట్టల సబ్బు కొనేది ఆవిడే కదా’ అంటారు. ఇందులో నిజం లేకపోలేదు. కేంద్ర ప్రభుత్వం 2024లో చేసిన సమయ వినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటిపనికి ఆ పని చేసే స్త్రీలు రోజుకి 289 నిమిషాలు, పురుషులు 88 నిమిషాలు వెచ్చిస్తున్నారు. యాడ్ వాళ్లు ఈ తేడాని కనిపెట్టలేదు, వాడుకుంటున్నారు.

అయితే గీత ఎక్కడ గీయాలి? ప్రకటనల పరిశ్రమ తనకి తాను పెట్టుకున్న స్వీయ నియంత్రణ సంస్థ ఏఎస్‌సీఐ 1985 నుంచి ఉంది. 2022 జూన్‌లో అది స్త్రీ పురుష మూసల మీద ప్రత్యేక మార్గదర్శకాలు ఇచ్చింది. సరిగ్గా అదే నెలలో లేయర్ షాట్ బాడీ స్ప్రే యాడ్లు అత్యాచార ధోరణిని జోక్‌లా చూపించాయని దేశమంతా దుమారం రేగింది, వాటిని తీసేయమని కేంద్ర సమాచార ప్రసార శాఖ యూట్యూబ్, ట్విట్టర్లని ఆదేశించింది. ఏఎస్‌సీఐ చెప్పింది మరీ కఠినమైనదేం కాదు. ఇల్లు ఊడ్చే స్త్రీని, ఆఫీసుకెళ్లే పురుషుణ్ని చూపించొచ్చు. కానీ ఆ పని ఎప్పటికీ వాళ్లదే, ఇంకెవరూ చేయరు అన్నట్టు చూపించకూడదు. ఆఫీసు నుంచి వచ్చిన ఆవిడ ఒక్కతే పనిచేస్తుంటే ఇంటిల్లిపాదీ సోఫాలో కూర్చోవడం లాంటివి వద్దంది. ఆడవాళ్లకి కారు పార్కింగ్ రాదు, మగవాళ్లకి డైపర్ మార్చడం రాదు అనే జోకులూ వద్దంది. నా అభిప్రాయంలో చివరిది మన యూట్యూబ్ యాడ్లకి అన్నిటికన్నా ఎక్కువగా తగులుతుంది.

మార్చి చూపినవాళ్లూ ఉన్నారు. ఏరియల్ 2015లో బట్టలుతకడం ఆడవాళ్ల పనేనా అని అడిగింది, మరుసటి ఏడాది ఒక తండ్రి చేత కూతురికి క్షమాపణ చెప్పించింది. 1994లో క్యాడ్బరీ యాడ్‌లో సిక్సర్ కొట్టిన అబ్బాయి కోసం అమ్మాయి మైదానంలోకి డాన్సు చేస్తూ దూసుకెళ్లింది. 2021లో బ్యాటు అమ్మాయి చేతికొచ్చింది, అబ్బాయి డాన్సు చేశాడు. ఇదంతా సమాజ సేవ అని పొరబడకండి, పౌడరూ చాక్లెట్టూ అమ్ముడుపోవడానికే. మన తెలుగు టీవీలో నాకు నచ్చిన ఉదాహరణ మాత్రం వేరు. లలితా జ్యువెలరీ యజమాని తనే కెమెరా ముందుకొచ్చి ‘డబ్బులు ఎవరికీ ఊరికే రావు’ అంటూ తరుగు, రేటు వేరేచోట పోల్చి చూసుకోమంటాడు. ఆయన మీద ఎన్ని మీమ్స్ వచ్చినా, బంగారం కొనే ఆడమనిషిని సిగ్గుపడే పెళ్లికూతురిగా కాకుండా లెక్క తెలిసిన కొనుగోలుదారుగా పలకరించిన యాడ్ అది.

ఫోన్‌లో జరిగే వేలంపాట

ఇక్కడి నుంచి విషయం నేరుగా మీ ఉద్యోగం దగ్గరికి వస్తుంది. అంజా లాంబ్రెక్ట్, కేథరిన్ టక్కర్ అనే ఇద్దరు పరిశోధకులు సైన్స్, ఇంజనీరింగ్ ఉద్యోగాల గురించి ఒక ప్రకటన తయారుచేసి, ఆడా మగా ఇద్దరికీ చూపించమని 191 దేశాల్లో సోషల్ మీడియాలో పెట్టారు. 2019లో ఫలితాలు అచ్చయ్యాయి. స్త్రీల కన్నా పురుషులు 20 శాతానికి పైగా ఎక్కువసార్లు ఆ ప్రకటన చూశారు. అమ్మాయిలు క్లిక్ చేయలేదేమో అనుకుంటాం. చూసినవాళ్లు అబ్బాయిలకన్నా తక్కువేం క్లిక్ చేయలేదు. అసలు కారణం రేటు. ఫోన్ తెరమీద ప్రతి ఖాళీ జాగా వేలానికి వెళ్తుంది. బట్టలు, క్రీములు, ఇంటి సామాను అమ్మేవాళ్లంతా ఆడవాళ్ల కళ్లకోసం పోటీపడి ధర పెంచేస్తారు. ఉద్యోగ ప్రకటనకి అంత బడ్జెట్ ఉండదు, సాఫ్ట్‌వేర్ చవకైనచోటికి, అంటే అబ్బాయిల ఫోన్లకి పంపేస్తుంది. ఎవరూ ‘అమ్మాయిలు వద్దు’ అని రాయలేదు. ఫేస్ సీరమ్ యాడ్ గెలిచింది, ఉద్యోగం ఓడిపోయింది.

మీ క్లాస్‌లో ఒకే బ్రాంచి చదువుతున్న అమ్మాయి, అబ్బాయి ఫోన్లు పక్కపక్కన పెట్టి ఓ పావుగంట ఇన్‌స్టాలో వచ్చే యాడ్లు రాసుకుని చూడండి. అందుకే నోటిఫికేషన్లు ఫోనే చూపిస్తుందిలే అని కూర్చోకండి, ముఖ్యంగా అమ్మాయిలు. కంపెనీల కెరీర్స్ పేజీలు, నేషనల్ కెరీర్ సర్వీస్ పోర్టల్ మీరే తెరిచి వెతకండి.

అదే ఫోన్‌తో ఇంకో పని. రాజోలులోనో కొత్తపేటలోనో సూపర్ మార్కెట్‌కి వెళ్లినప్పుడు గులాబీ రంగు రేజరు, నీలం రంగు రేజరు తీసి ఒక్కో బ్లేడుకి ఎంత పడుతోందో లెక్కేయండి. న్యూయార్క్ నగర వినియోగదారుల విభాగం 2015లో దాదాపు 800 వస్తువులు పోల్చి, ఆడవాళ్ల రకాలకి సగటున 7 శాతం, ఒంటికి వాడేవాటిలో 13 శాతం ఎక్కువ రేటు ఉందని తేల్చింది. మన దగ్గర మీకొచ్చే అంకె వేరుగా ఉండొచ్చు. కానీ మార్కెటింగ్ ఇంటర్వ్యూలో సొంతంగా సేకరించిన ఇరవై రేట్లు చూపించేవాళ్లు ఎంతమంది ఉంటారు?

మళ్లీ ఆ గోడ దగ్గరికి

‘పురుషులు మాత్రమే’ అని రాయడం చట్టానికి ఒప్పదన్న సంగతి చాలామందికి తెలీదు. ఒకే రకం పనికి నియామకంలో స్త్రీ పురుష తేడా చూపకూడదని 1976 నాటి సమాన వేతన చట్టం చెప్పింది, చట్టమే స్త్రీలకి ఆంక్ష పెట్టిన పనులు తప్ప. ఇప్పుడు దాని స్థానంలో 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకొచ్చిన వేతనాల కోడ్ కూడా అదే అంటోంది. పెద్ద కంపెనీలూ తప్పు చేసి దిద్దుకుంటున్నాయి. చెన్నై దగ్గర శ్రీపెరుంబుదూరు ఫాక్స్‌కాన్ ప్లాంటులో పెళ్లయిన మహిళల్ని పక్కన పెడుతున్నారని 2024లో రాయిటర్స్ బయటపెట్టింది. ఆ తర్వాత ప్రకటనల్లో వయసు, లింగం, పెళ్లి ప్రస్తావనలు తీసేయమని కంపెనీ తన ఏజెన్సీలకి చెప్పింది.

రేపు మీరే ఏ హెచ్‌ఆర్‌లోనో, యాడ్ ఏజెన్సీలోనో చేరితే ఇలాంటి కాగితం రాసే పని మీ మీదే పడొచ్చు. అప్పుడు ‘ఆడ’, ‘మగ’ అన్న మాట తీసేసి ఆ పనికి నిజంగా ఏం కావాలో రాయండి. ‘పురుషులు, సొంత బైకు’ అన్నచోట ‘టూవీలర్, లైసెన్సు ఉండాలి, రోజూ ఊళ్లు తిరగాలి’ అంటే సరిపోతుంది. ముమ్మిడివరం నుంచి అమలాపురం స్కూటీ మీద కాలేజీకొచ్చే అమ్మాయి దగ్గర ఆ రెండూ ఉన్నాయి. ‘టెలికాలర్ - స్త్రీలు’ అన్నచోట ‘తెలుగు స్పష్టంగా, ఓపిగ్గా మాట్లాడాలి’ అని రాస్తే మంచి గొంతున్న అబ్బాయి కూడా ఫోన్ చేస్తాడు.

ఈలోపు ఆ గోడమీది నంబరుకి మీరూ ఒకసారి ఫోన్ చేసి, ‘అమ్మాయినండీ, లైసెన్సు ఉంది, బండి ఉంది, ఫీల్డ్ వర్క్ చేస్తాను’ అని అడిగి చూడండి. చిన్న ఊళ్లలో ఆ కాగితాన్ని చాలాసార్లు పాతది చూసి డీటీపీ షాపులో కొట్టించేస్తారు, ఆ మాట ఎందుకుందో వేయించినవాళ్లకే గుర్తుండదు. ఒక్క జాగ్రత్త. కంపెనీ పేరు, అడ్రసు లేకుండా ‘చూడచక్కని అమ్మాయిలు’ అని మాత్రమే ఉన్న కాగితాన్నీ, రిజిస్ట్రేషన్ ఫీజు అడిగేదాన్నీ వదిలేయండి.